గేట్ బజార్ నుంచి శ్యామ్‌బజార్ దాకా

బరంపురంలో సాయంత్రం ఆరు గంటలవేళ గేట్ బజార్‌ను కారులో దాటదలచుకున్నవారికి రెండు కావాలి. ఒకటి ఓపిక, రెండోది హారను. మూడోదైన సిగ్గు కూడా ఉంటే అసలు కారే తీయరు. ఆ రోజున నాకు మొదటిది లేదు, రెండోది బాగా పనిచేస్తోంది, మూడోదాన్ని ఇంట్లోనే వదిలి వచ్చాను.

మన పత్రిక చదివేవారిలో బరంపురం చూడనివారు కూడా ఉంటారు కనుక ఊరి గురించి రెండు మాటలు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది. మనవాళ్లు ఇళ్లు మారలేదు, చిరునామా మారింది. దుకాణాల బోర్డులు ఒడియాలో ఉంటాయి, లోపల బేరం తెలుగులో సాగుతుంది, డబ్బు దగ్గరకొచ్చేసరికి రెండూ కలిసిపోతాయి. పట్టు నేసే దేరాల వీధులు, అప్పడాలు, ఊరగాయలు, రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి గారు పుట్టిన ఊరన్న గొప్ప, ఇవన్నీ మాకు తాతల నాటి నుంచీ ఉన్నవే. ఇక గేట్ బజార్ అంటే పేరులోనే గేటు పెట్టుకున్న బజారు. తెరిచినా మూసినా ఒకేలా ఉండే గేటు అనుకోండి. పళ్ల బళ్లు, మందుల దుకాణాలు, ఆటోలు, రిక్షాలు, వాటి మధ్య నుంచి తోవ వెతుక్కునే ఆవులు. ఆవుల్ని మాత్రం నేను తప్పుపట్టను. అవి అడ్డం పడుకుంటాయి గాని, అడ్డం పెట్టి దుకాణంలోకి వెళ్లిపోవు.

2022లో దీపావళికి ముందు రోజుల్లో ఒక సాయంత్రం మా నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని బజారుకు వచ్చాను. ఆయనకు అప్పటికి ఎనభై ఏళ్లు. ప్రమిదలు, పత్తి, పిల్లలకు మతాబాలు కొనాలి. కారు పెట్టడానికి చోటు లేదు. ఉన్న చోటులో ముందు భాగం ఇరికించి, వెనక భాగం రోడ్డుమీదికి వదిలేసి, "రెండు నిమిషాల్లో వచ్చేస్తాను నాన్నగారూ" అని దిగిపోయాను. రెండు నిమిషాలన్న మాటకు మన బజారుల్లో ఎంత కొలతో మీకు తెలుసు. మతాబాల దుకాణంలో బేరం ఒక కొలిక్కి వచ్చేసరికి పావుగంట అయింది.

బయటికి వచ్చి చూద్దును కదా, రోడ్డు గడ్డకట్టినట్టు ఆగిపోయి ఉంది. మలుపు దగ్గర ఒక బస్సు నా కారు వెనక భాగాన్ని దాటలేక వంకరగా నిలబడింది. దాని వెనక ఆటోలు, ఆటోల వెనక మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లాల్సిన వ్యాను ఒకటి. అందులో నొప్పులు పడుతున్న ఒక అమ్మాయి, పక్కన వాళ్లమ్మ. అన్నిటికంటె నన్ను నిలబెట్టేసిన దృశ్యం వేరే ఉంది. మా నాన్నగారు కారు దిగి నడిరోడ్డు మీద నిలబడి ఉన్నారు. భుజం మీది ఆకుపచ్చ తువ్వాలు చేతిలోకి తీసుకుని, ఎదురు వచ్చే బళ్లను ఒక చేత్తో ఆపి, రెండో చేత్తో తువ్వాలు ఊపుతూ వ్యానుకు దారి ఇప్పిస్తున్నారు. నలుగురు కుర్రవాళ్లు నా కారు వెనక భాగాన్ని పట్టుకుని "హేయ్" అంటూ పక్కకు జరుపుతున్నారు. వ్యాను కదిలింది. ఆ తల్లి కిటికీలోంచి నాన్నగారికి దండం పెట్టింది. కారు ఎవరిదో ఆవిడకు తెలియదు. నేను మతాబాల సంచీతో జనంలో నిలబడి, కారు ఎవరిదో తెలియనివాడిలా ఒక క్షణం నటించాను. ఆ క్షణం గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఇంటికి వచ్చేదాకా ఆయన ఏమీ అనలేదు. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ మాత్రం, "ఒరే, నువ్వు ఫౌలింగ్ మార్కు దాటి పెట్టావు" అన్నారు.

ఈ మాట రైలు కుటుంబాలవారికి తెలుస్తుంది, మిగతావారికి చెప్పాలి. రెండు రైలు పట్టాలు ఒకచోట కలిసేముందు, పక్క లైను మీద బండి ఎంతవరకు నిలబడితే ఈ లైను మీది బండికి తగలదో అక్కడ నేలమీద ఒక గుర్తు పెడతారు. అదే ఫౌలింగ్ మార్కు. పెట్టె చక్రాలు తన లైను మీదే ఉండవచ్చు, కానీ ఆ గుర్తు దాటితే పక్కలైనుకు అడ్డమే. మా నాన్నగారు రైల్వేలో 1965లో గ్యాంగుమన్‌గా చేరి, 1974 నుంచి గేటుమన్‌గా చేసి, 2002లో రిటైరయ్యారు. గంజాం జిల్లాలో వేరువేరు లెవెల్ క్రాసింగుల దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు. అన్నేళ్ల పనిలో ఆయనకు మనుషులు రెండే రకాలు: గుర్తుకు ఇవతల ఆగేవాళ్లు, అవతల ఆగేవాళ్లు.

గేటుమన్ అంటే హ్యాండిలు తిప్పి గేటు దించేవాడు, ఎత్తేవాడు అని నేనూ చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అసలు సంగతి ఏమిటంటే, సిగ్నల్‌తో ముడిపెట్టిన గేట్ల దగ్గర ముందు గేటు పడాలి, తాళం పడాలి, ఆ తరువాతే రైలుకు పచ్చదీపం వస్తుంది. గేటు పడకపోతే సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. అంటే ఒక స్కూటరువాడు గేటు కొయ్యకింద బండి దూర్చి "ఒక్క నిమిషం అన్నా" అన్నాడంటే, అవతల వెయ్యిమంది ఎక్కిన మెయిలు బండి ఆగిపోతుంది. వెయ్యిమందికి ఎందుకు ఆగిందో తెలియదు, స్కూటరువాడికి ఏం ఆపాడో తెలియదు. ఇద్దరి మధ్యా తెలిసినవాడు గేటుమన్ ఒక్కడే. ఇద్దరూ తిట్టేదీ అతన్నే. గేటు సిగ్నల్ స్తంభానికి 'జి' అనే అక్షరం ఉంటే డ్రైవరు పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, ఆ తరువాత నెమ్మదిగా గేటు దాకా రావచ్చు. అక్కడ గేటుమన్ చేతిసైగ చూపితేనే దాటాలి. ఆ సైగ కోసమే వాళ్ల దగ్గర ఎర్రజెండా, పచ్చజెండా, రాత్రికి లాంతరు ఉంటాయి. గేట్ బజార్‌లో తువ్వాలు ఊపిన చెయ్యి ఎక్కడ నేర్చుకున్నదో నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

1981 శీతాకాలంలో ఒక రాత్రి గురించి మా అమ్మ చెప్పేది, ఆయన చెప్పేవారు కాదు. బియ్యం బస్తాల లారీ ఒకటి, గేటు పడబోతుంటే చూసి కూడా, తోసుకుంటూ వచ్చింది. అవతలి కొయ్య అప్పటికే సగం దిగింది. డ్రైవరు గాభరాపడి బ్రేకు వేశాడు. బండి పట్టాల మీద ఆగి మళ్లీ స్టార్టు కాలేదు. అటువంటప్పుడు చేయవలసింది రూలు పుస్తకంలో రాసి ఉంటుంది. స్టేషనుకు ఫోను చెయ్యాలి. అడ్డం ఉన్నచోట ఎర్రదీపం పెట్టాలి. డిటొనేటర్లు, రైలువాళ్లు పటాకాలంటారు, తీసుకుని బండి వచ్చే వైపు పరుగెత్తాలి. ఆరు వందల మీటర్ల దగ్గర పట్టామీద ఒకటి బిగించాలి, పన్నెండు వందల మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు బిగించాలి. ఇంజను చక్రం ఎక్కగానే అవి పేలుతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. పన్నెండు వందల మీటర్లంటే కిలోమీటరు పైన. చీకట్లో, కంకర రాళ్ల మీద, చేతిలో లాంతరుతో. ఆయన పరుగెత్తారు. ఆ రాత్రి రైలు ఆగింది. ఆగిన రైలు ఇంజను దీపం వెలుగులో ఆయన పట్టాల పక్కన కూర్చుని దమ్ము తీసుకుంటుంటే, లారీ డ్రైవరు దిగి పొలాలకు అడ్డంపడి పారిపోయాడట. ఎడమ మోకాలు అప్పటినుంచీ వంగదు. కారులో ఎక్కేటప్పుడు మొదట ఆ కాలు లోపల పెట్టుకుని తరువాత కూర్చుంటారు. ఆ మోకాలితో దిగి నా కారుకు గేటుమన్ పని చేశారు.

ఇప్పుడు కాలం మారింది. బ్రాడ్‌గేజి మీద కాపలా లేని లెవెల్ క్రాసింగులన్నీ 2019 జనవరికి తీసేశారు. పై వంతెనలు, కింది దారులు వచ్చాయి. అయినా మిగిలిన ఏ గేటు దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. గేటు పడగానే ఎడమవైపు నిలబడవలసిన బళ్లు రోడ్డు పొడుగూ వెడల్పూ నింపేస్తాయి. అవతలివైపు వాళ్లూ అంతే. గేటు ఎత్తేసరికి కౌరవ పాండవ సేనల్లా ఎదురెదురుగా రెండు దండులు, మధ్యలో పట్టాలు. యుద్ధం ఎక్కడ జరగాలి? పట్టాల మీదే. వెనకాల రెండో రైలు వస్తోందని గేటుమన్ ఈల వేస్తాడు. ఆ ఈల హారన్లలో కలిసిపోతుంది.

నాన్నగారు ఏడాది గడిచాక ఒక కోరిక కోరారు. పెళ్లయిన కొత్తలో, 1968లో, రైల్వే పాసు మీద అమ్మను కలకత్తా తీసుకెళ్లి ట్రాము ఎక్కించారట. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. "మళ్లీ ఒకసారి ఎక్కి వద్దాం రా, ఉన్నాయో లేవో" అన్నారు. 2023 డిసెంబరులో బయలుదేరాం.

హౌరా సుమారు 600 కిలోమీటర్లు. పగటి బండి కావాలన్నారు, చిలికా చూడటానికి. రంభ, బాలుగాం మధ్య రైలు పక్కనే సరస్సు వస్తుంది. డిసెంబరులో నీళ్లమీద పక్షులు నూగులు చల్లినట్టుంటాయి. ఆయన పక్షుల్ని చూడలేదు, ప్రతి గేటు దగ్గరా కిటికీలోంచి తలపెట్టి గేటుమన్‌ను చూశారు. జెండా సరిగ్గా పట్టుకున్నవాణ్ణి చూసి తలూపారు. చీకటి పడ్డాక ఖరగ్‌పూర్ వచ్చింది. 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం, ఒకప్పుడు ప్రపంచంలో అన్నిటికంటె పొడుగు. తరువాత గోరఖ్‌పూర్, ఆ పైన హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. మనకు మాత్రం ఖరగ్‌పూర్ అంటే రైలు పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, గంజాం నుంచి వెళ్లిన మనవాళ్ల ఊరు. టీ అమ్మే అతన్ని హిందీలో అడిగితే తెలుగులో చిల్లర ఇచ్చాడు. గిరి గారు 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపించింది ఈ లైను మీదివాళ్ల కోసమేనని నాన్నగారు పెట్టెలో అందరికీ చెప్పారు. ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

మర్నాడు శ్యామ్‌బజార్‌లో ఐదో నంబరు ట్రాము ఎక్కాం, ఎస్‌ప్లనేడ్ దాకా. టికెట్టు పది రూపాయలలోపే. బిధాన్ సరణి మీదుగా హాతీబాగాన్, హేదువా, ఠన్‌ఠనియా కాళి గుడి, అక్కడినుంచి కాలేజీ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలు. ట్రాము నడక తీరే వేరు. రైలులా ఉరకదు, బస్సులా కుదపదు. పెద్దమనిషి మార్నింగ్ వాక్‌కు వెళ్తున్నట్టు ఉంటుంది. డ్రైవరు కాలితో తొక్కితే గంట మోగుతుంది, టంగ్ టంగ్ మని. నాన్నగారు ముందు సీట్లో, ఆ గంట వినపడేటట్టు కూర్చున్నారు. అమ్మ కిటికీ వైపు కూర్చునేదట. ఆ వైపు సీటు ఖాళీగా ఉంచి ఇటు కూర్చున్నారు. నేను గమనించనట్టు బయటికి చూశాను.

హాతీబాగాన్ దాటామో లేదో ట్రాము ఆగింది. గంట మోగింది. మళ్లీ మోగింది. ముందుకు వంగి చూస్తే, మిఠాయి దుకాణం ఎదుట తెల్ల కారు ఒకటి. పట్టా మీద లేదు. పట్టాకు జానెడు ఇవతల ఉంది. కారు పెట్టినవాడు కిందికి చూసి, పట్టా ఖాళీగానే ఉంది కదా అనుకుని హాయిగా లోపలికి వెళ్లి ఉంటాడు. ట్రాము చక్రాలు పట్టా మీద ఉంటాయి గాని దాని పొట్ట పట్టాకు రెండువైపులా మూరెడు బయటికి ఉంటుందన్న సంగతి అతనికి తట్టలేదు. బస్సయితే స్టీరింగు తిప్పి తప్పుకుంటుంది. ట్రాముకు స్టీరింగు లేదు, వెనక్కి వెళ్లే వీలు లేదు. వెనకాల మరో ట్రాము వచ్చి ఆగింది. దాని వెనక బస్సులు, టాక్సీలు.

కండక్టరు దిగి "దాదా, గాడీటా శొరాన్" అని దుకాణం వైపు కేకవేశాడు. ఎవరూ పలకలేదు. ఐదు నిమిషాలయ్యాక ట్రాములోంచి ఒకాయన దిగి నడిచిపోయాడు. తరువాత ఇద్దరు కాలేజీ పిల్లలు. తరువాత కూరల సంచీతో ఒక ముసలావిడ, కష్టపడి మెట్టు దిగింది. ఎక్కినప్పుడు ఇరవైమంది దాకా ఉన్నాం, పద్నాలుగు నిమిషాలకు ఏడుగురం మిగిలాం. వెనకాల టాక్సీవాళ్లు హారన్లు కొడుతూ తిడుతున్నారు. ఎవర్ని? కారువాణ్ణి కాదు, వాళ్లకు కారు కనపడదు. ఎదురుగా కనిపించే ట్రామును. "ఈ ట్రాములవల్లే కలకత్తా ఆగిపోతోంది" అని ఒకతను హిందీలో అరిచాడు.

నాన్నగారు నావైపు తిరిగి నవ్వారు. "చూశావురా? గేటుమన్ ఉద్యోగం దీనికీ ఇచ్చారు" అన్నారు.

కారాయన చివరికి సందేశ్ డబ్బాతో వచ్చాడు. నలభై ఏళ్లవాడు, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. ఆశ్చర్యంగా చూశాడు, ఇంత గొడవ ఎందుకవుతోందో అన్నట్టు. చేయి ఎత్తి క్షమించమన్నట్టు సైగ చేసి కారు తీశాడు. నాకు అతనిమీద కోపం రావాలి. రాలేదు. ఆ మొహం నాకు బాగా తెలుసు, మతాబాల సంచీతో చూశాను.

కలకత్తాలో మొదటి ట్రాము 1873 ఫిబ్రవరి 24న గుర్రాలు లాగగా సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్‌కు నడిచింది. అది ఆ ఏడే ఆగిపోయి, 1880లో మళ్లీ మొదలైంది. కరెంటు ట్రాము 1902లో వచ్చింది. కరెంటు ట్రాము విషయంలో మాత్రం మద్రాసే ముందు, 1895లోనే. మన గంజాం కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీయే కనుక, కోర్టు పనికీ చదువుకీ మద్రాసు వెళ్లిన మన పెద్దలు ట్రాముల్లోనే తిరిగి ఉంటారు. అవి 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. అదే ఏడు కలకత్తాలో ట్రాము చార్జీ ఒక్క పైస పెంచారని ఊరు ఊరంతా తిరగబడింది. ఒక ఊరివాళ్లు పైసకు పోట్లాడి ట్రామును నిలుపుకున్నారు, మరొక ఊరివాళ్లు చూస్తుండగా పోయింది. తరువాత డెబ్బై ఏళ్లకు కలకత్తావాళ్లు కూడా చూస్తూ ఊరుకున్నారనుకోండి.

ఒకప్పుడు కలకత్తాలో చాలా రోడ్ల మీద ట్రాముకు మధ్యలో వేరే దారి ఉండేది. పచ్చగడ్డి మధ్య పట్టాలు, అటూ ఇటూ కార్ల రోడ్లు. నాన్నగారికి 1968లో చూసిన ఆ గడ్డి జ్ఞాపకం ఉంది, ఈసారి వెతికారు. మైదాన్ వైపు తప్ప కనపడలేదు. కార్లు పెరిగాక ఆ గడ్డి తీసి, కాంక్రీటు పోసి, పట్టాల్ని రోడ్డులో కలిపేశారు. ముందు ట్రాము దారిలోకి కార్లను రానిచ్చారు. తరువాత కార్ల దారికి ట్రాము అడ్డం అన్నారు. 2011లో 37 మార్గాలుండేవి, 2024 నాటికి మూడు మిగిలాయి. నగర విస్తీర్ణంలో రోడ్లు ఆరు శాతమేననీ, రద్దీవేళ ట్రాముల వల్ల జనం ఇరుక్కుపోతున్నారనీ రాష్ట్ర మంత్రి అన్నారు. ఆరు శాతం రోడ్డుంటే చోటు ఎవరికి ముందు ఇవ్వాలి, నలభైమంది ఎక్కే బండికా, సందేశ్ డబ్బాకా అని నాకు అనిపిస్తుంది. పోలీసుల కష్టం నాకు తెలియనిది కాదు. మూడు రకాల బళ్లు ఒకే సందులో నడవాలంటే ఎవరికో కోపం వస్తుంది. అయితే కదల్లేనివాణ్ణి కదల్లేదని తిట్టడం మాత్రం న్యాయంగా లేదు.

ఇది మన దేశపు జబ్బేనని మా మేనకోడలితో ఫోనులో అంటే అది నవ్వింది. టొరంటోలో ఉంటుంది. అక్కడ ట్రాముల్ని స్ట్రీట్‌కార్లంటారు. కింగ్ స్ట్రీట్ మీద కార్ల మధ్య స్ట్రీట్‌కార్లు ఇరుక్కుపోతున్నాయని 2017 నవంబరులో కార్లను తిన్నగా పోనివ్వకుండా ప్రతి కూడలిలో పక్కకు మళ్లించారట. ప్రయోగంగా మొదలుపెట్టి, ప్రయాణికులు పెరిగారని తేలాక 2019లో శాశ్వతం చేశారు. అంత చేసినా, 2025 ఫిబ్రవరిలో మంచు బాగా కురిసినప్పుడు జనం రోడ్డంచున మంచుగుట్టలకు ఇవతల కార్లు పెట్టి వెళ్లిపోయారు, వాటి ముందు స్ట్రీట్‌కార్లు వరసగా నిలబడిపోయాయి. "మావయ్యా, ఇక్కడ వాళ్లు హారను కొట్టరు, అంతే తేడా" అంది. మెల్‌బోర్న్‌లో ఉన్న మరో బంధువు చెప్పిన మాట ఇంకా బాగుంది. అక్కడ ఊరి నడుమ కొన్ని కూడళ్లలో కుడివైపు తిరగాలనుకున్న కారు కూడా ముందు ఎడమ అంచుకు పోయి ఆగాలట, ట్రాము దారిలో నిలబడకూడదని. ట్రాము ఆగి జనం రోడ్డుమీదికి దిగే చోట పక్కనున్న కారు కదలరాదట. కొత్తగా వెళ్లిన మనవాళ్లు ఆ మలుపు దగ్గర డ్రైవింగ్ టెస్టులో చెమటలు పట్టిస్తారట. బరంపురంలో నేర్చుకున్నవాళ్లకు మరీను.

అయితే బరంపురం వాళ్లకు దారి ఇవ్వడం తెలియదని మాత్రం ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ యాత్ర వస్తుంది. అమ్మవారు దేశిబెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది, దేరాల ఆడబడుచు కదా. ఆ రోజుల్లో రాత్రిళ్లు ఘటాలు ఊరేగుతాయి. డప్పు మోత దూరాన వినపడగానే వీధిలో ఎవరూ చెప్పకుండానే సైకిళ్లు గోడకు చేరతాయి, స్కూటర్లు అరుగుల మీదికి ఎక్కుతాయి, ఇంటిముందు నీళ్లు చల్లి ముగ్గు పెడతారు. అమ్మ వచ్చేదారిలో కారు పెట్టి "రెండు నిమిషాలు" అనే మగాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. అమ్మవారు పక్కకు తప్పుకోదని అందరికీ తెలుసు. వ్యానులో నొప్పులు పడుతున్న ఆ పిల్ల కూడా పక్కకు తప్పుకోలేనిదే, దానికి డప్పు లేదు, అంతే.

కలకత్తా నుంచి వచ్చాక నేను గేట్ బజార్‌కు కారు తీసుకెళ్లడం చాలామటుకు మానేశాను. అంతా మంచితనం అనుకోకండి, నాన్నగారు వెంట వస్తానంటారని భయం కూడాను. నడిచి వెళితే ఇరవై నిమిషాలు. మధ్యలో ఎవరో ఒకరు దారి మీద బండి పెట్టి ఉంటారు. వెళ్లి చెబుదామనుకుంటాను, నోరు రాదు.

2024 సెప్టెంబరులో ఆ వార్త వచ్చింది. మైదాన్, ఎస్‌ప్లనేడ్ మధ్య ముచ్చట కోసం ఒక్క మార్గం ఉంచి, మిగతా కలకత్తా ట్రాములు తీసేస్తామని ప్రభుత్వం చెప్పింది. ట్రాము అభిమానులు కోర్టుకు వెళ్లారు. 2025 జనవరిలో కలకత్తా హైకోర్టు పట్టాలమీద తారు పోయడం ఆపమంది. మొదటి వార్త వచ్చిన రోజున నాన్నగారికి పేపరు నేనే చదివి వినిపించాను, ఆయనకు చూపు ఆనడం లేదు. మొత్తం విన్నారు. వంగని మోకాలు చేత్తో పట్టుకుని మంచం మీద సర్దుకు కూర్చున్నారు.

"శ్యామ్‌బజార్‌దీ తీసేస్తారా?" అన్నారు.

"తీసేస్తామనే అంటున్నారు."

కాసేపు ఆగి, "ఆ తెల్లకారాయన ఇప్పుడు ఎక్కడ పెడతాడంటావు?" అన్నారు.